గంజాం నుంచి మల్కన్‌గిరి దాకా ఎండాకాలపు తిరుగుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది బరంపురం. అత్తవారిది రాయగడ. ఏప్రిల్ వచ్చిందంటే చాలు, విశాఖ నుంచి ఒకరు, హైదరాబాదు నుంచి ఇంకొకరు ఫోను చేసి అవే ప్రశ్నలు అడుగుతారు. ప్రతిసారీ అదే సమాధానం చెప్పి చెప్పి, చివరికి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. దక్షిణ ఒడిశాలో తెలుగువాళ్లం ఎక్కువగా ఉండే గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల వరకే ఇది.

మండుటెండల్లో అసలు అటువైపు రావచ్చా?

రావచ్చు. కాకపోతే ఎక్కడికి వెళ్లాలి అనే ముందు ఎన్నింటికి బయలుదేరాలి అని అడగాలి. మా దగ్గర వేసవి రోజు రెండు ముక్కలు. తెల్లవారుజామున నాలుగు నుంచి పది దాకా ఒకటి, సాయంత్రం నాలుగు తర్వాత మరొకటి. నడుమ ఆరు గంటలు ఏ నీడకో, ఏ ఊరి పూటకూళ్ల ఇంటికో, ఏ గుడి మండపానికో వదిలేయాలి. ఆ ఆరు గంటలూ తిరిగి తీరాలనుకునేవాళ్లే ఇంటికి వెళ్లాక ‘ఒడిశాలో ఏముంది, ఎండ తప్ప’ అంటారు.

ఎండ కూడా అంతటా ఒకటి కాదు. బరంపురం, గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలి వల్ల డిగ్రీలు మరీ ఎక్కవు గానీ చెమట ఆరదు. చొక్కా ఒంటికి అంటుకునే ఉంటుంది. కొరాపుట్ పట్టణం దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి అక్కడ మే నెలలో కూడా రాత్రి దుప్పటి కావాలి. మల్కన్‌గిరి పల్లంలో ఉంది. అక్కడి ఎండ గురించి తర్వాత చెబుతాను.

బరంపురంలో దిగాం. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి వచ్చేలా ఎక్కడికి వెళ్లాలి?

మొదటిసారి వచ్చినవాళ్లను నేను తంపరా చెరువుకు తీసుకెళ్తాను. ఛత్రపురం పక్కనే మంచినీటి సరస్సు, ఊరి నుంచి ముప్పావు గంట ప్రయాణం. రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, చేరిన తర్వాత పేరు బయటికి వచ్చింది గానీ, మాకు అది చిన్నప్పటి నుంచి వనభోజనాల చెరువే. ఆరు గంటలకు పడవ ఎక్కితే ఎనిమిదిన్నరకల్లా ఒడ్డుకు చేరి ఉప్మా తినవచ్చు. ఆ తర్వాత అక్కడ ఉండి చేసేదేమీ లేదు.

రెండో రోజుకు తారాతారిణి, జౌగడ. తారాతారిణి పురుషోత్తంపూర్ దగ్గర ఋషికుల్య ఒడ్డున కొండ మీది అమ్మవారు. 999 మెట్లు. ఓపిక లేనివాళ్లకు రోప్‌వే, కారు దారి కూడా ఉన్నాయి. మార్చి నడిమి నుంచి ఏప్రిల్ నడిమి వరకు, అంటే ఇక్కడి చైత్రంలో, మంగళవారాలు మాత్రం వెళ్లవద్దు. మొక్కు ఉంటే వేరే సంగతి, లేకపోతే జనంలో ఇరుక్కుని కొండ కూడా కనిపించదు. కిందికి దిగి అక్కడికి దగ్గరలోనే ఉన్న జౌగడకు వెళ్లండి. పొలాల మధ్య ఒక బండ, దాని మీద అశోకుడి శాసనం, రక్షణగా ఇనుప కటకటాలు. కళింగ యుద్ధం జరిగిన నేలకు ప్రత్యేకంగా చెక్కించిన మాట అందులో ఉంది: మనుషులందరూ నా బిడ్డలే అని. నేను వెళ్లిన రోజు ఆ బండ నీడలో రెండు మేకలు పడుకుని ఉన్నాయి. టిక్కెట్టు అడిగేవాళ్లు గానీ, చూడటానికి వచ్చినవాళ్లు గానీ ఎవరూ లేరు.

పిల్లలు ఉంటే భేట్నయి వైపు కృష్ణజింకలు. కంచె లేదు, సఫారీ లేదు. పంటచేలలోనే మంద తిరుగుతుంది. జింక చేలో అడుగుపెడితే శుభమని, వానలు పడతాయని అక్కడి రైతుల నమ్మకం. పెసర చేను మేసినా తరమరు. తెల్లవారి వెలుగు రాకముందే అక్కడ ఉండాలి. ఎనిమిది దాటితే అన్నీ పొదల నీడకు చేరిపోతాయి.

తప్తపాణి వేడినీటి ఊట. బరంపురం నుంచి సుమారు 50 కి.మీ., మోహన దారిలో ఘాట్ మీద ఉంటుంది. మే నెలలో వేడినీళ్లలో మునగడానికి వెళ్తావా అని మా అత్తయ్య నవ్వింది. తెల్లవారుజామున అయిదు గంటలకు అడవి గాలి చల్లగా వీస్తుండగా గంధకపు వాసన వేసే ఆ నీళ్లలో కాళ్లు పెట్టాక తనే అరగంట దాకా లేవలేదు. మధ్యాహ్నం వెళితే మాత్రం అత్తయ్య మాటే నిజం.

చంద్రగిరిలో టిబెట్ వాళ్లు ఉంటారట, నిజమేనా?

నిజమే. తప్తపాణి దాటి అదే ఘాట్ దారిలో ముందుకు వెళితే గజపతి జిల్లాలో ఉంది. 1963లో టిబెట్ శరణార్థులకు ఇక్కడ చోటు ఇచ్చారు. వాళ్లు మొక్కజొన్న పండిస్తారు, చలికాలంలో ఉన్ని బట్టలు అమ్ముకోవడానికి ఊళ్ల మీదికి వెళ్తారు. జిరంగ దగ్గరి పద్మసంభవ మహావిహారాన్ని 2010 జనవరిలో దలైలామా ప్రారంభించారు. పసుపు, ఎరుపు రంగుల అంత పెద్ద కట్టడం చుట్టూ కొండలు, జీడిమామిడి చెట్లు, సవర గిరిజనుల పల్లెలు. ఈ కలయిక మరెక్కడా కనిపించదు. లోపల ఫోను ఆపేసి కూర్చోండి. బయటికి వచ్చి మోమోలు తినండి. మా ఊరి కారం నాలుకకు అవి చప్పగా ఉంటాయి, పక్కన ఇచ్చే ఎర్ర చట్నీ మాత్రం అలా ఉండదు.

చిలికాలో వేసవిలో పక్షులు, డాల్ఫిన్లు కనిపిస్తాయా?

వలస పక్షులు మార్చికల్లా వెళ్లిపోతాయి. డాల్ఫిన్లు పూరీ జిల్లాలోని సాతపడా వైపు. మా జిల్లా ఒడ్డున ఉన్న రంభలో రెండూ లేవు. అయినా నేను రంభకే వెళ్తాను.

వానాకాలంలో 1,100 చదరపు కి.మీ. దాటే ఈ సరస్సు ఎండాకాలానికి 900 దగ్గరికి కుదించుకుపోతుంది. నదుల నుంచి మంచినీరు తగ్గి నీళ్లలో ఉప్పు పెరుగుతుంది. ఒడ్డు వెనక్కి జరిగి పడవలు బురదలో ఒరిగి ఉంటాయి. రంభ వైపు నీళ్లలో నుంచి కొండలు లేచినట్టు దీవులు. ఖల్లికోట రాజుల కాలపు కట్టడం పాడుపడి మిగిలిన దీవిని బ్రేక్‌ఫాస్ట్ ద్వీపం అంటారు. పడవవాళ్లు ఆ మాటను ఎంత సొంతం చేసుకున్నారంటే, అది ఇంగ్లీషు అని వాళ్లకు గుర్తు చేయాలి. ఆరింటికి నీరు అద్దంలా ఉంటుంది. పది దాటాక దక్షిణపు గాలి లేచి పడవ ఊగుతుంది. పది తర్వాత పడవ ఎక్కమని ఎవరు పిలిచినా వద్దనండి. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవను ఏ వేళలోనైనా వద్దనండి.

ఋషికుల్య దగ్గర తాబేళ్లను చూడవచ్చా?

ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుడ్లు పెడతాయి. సుమారు నలభై అయిదు, యాభై రోజులకు పిల్లలు బయటికి వస్తాయి కాబట్టి వేసవి సెలవుల వారికి దక్కేది పిల్లల పరుగు. ఏ ఏటికి ఆ ఏడే, కొన్ని ఏళ్లు గుంపుగా రానే రావు. తేదీ చూసుకుని టిక్కెట్లు కొనుక్కోవద్దు.

పిల్లలు గుడ్డు నుంచి రాగానే వెలుగు ఉన్న వైపు పాకుతాయి. చీకటి తీరంలో ఆ వెలుగు సముద్రం మీదిది. మీరు టార్చి వేస్తే మీ వైపు వస్తాయి, ఊరి కుక్కల నోట్లో పడతాయి. అందుకే ఆ ఇసుక మీద గుడారం, మంట, ఫ్లాష్ ఏవీ వద్దు. అక్కడి పల్లెల కుర్రవాళ్లే కాపలా ఉంటారు. వాళ్లు నిలబడమన్న చోట నిలబడాలి.

గోపాల్‌పూర్‌లో చేపలు ఎందుకు ప్రియం?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా మరపడవల వేటకు నిషేధం. నాటుపడవలు తెచ్చిందే దొరుకుతుంది. సముద్రంలో దిగడం మోకాలి లోతు వరకే, ఆ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఉన్నాయి.

పర్లాకిమిడిలో చూడటానికి ఏముంది?

దీనికి నేను సూటిగా జవాబు చెప్పలేను, నాకు ఆ ఊరంటే పక్షపాతం.

పాతపట్నం దాటితే వచ్చే ఊరు. ఏ వీధిలో ఒడియా ఆగి తెలుగు మొదలవుతుందో చెప్పడం కష్టం. బస్టాండులో టీ అడిగితే అడిగిన భాషలోనే జవాబు వస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఇటు చేరింది. ఆ కొత్త రాష్ట్రానికి మొదటి ప్రధానమంత్రి (ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు) ఈ ఊరి రాజు కృష్ణచంద్ర గజపతి. ఈ ఊరి బడిలోనే పాఠాలు చెబుతూ గిడుగు రామమూర్తి సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు, దానికి నిఘంటువు రాశారు. వాడుక భాషలో రాయాలని ఆయన చేసిన పోరాటం లేకపోతే ఈ పేజీ గ్రాంథికంలో ఉండేది, మీరు రెండో ప్రశ్న దగ్గరే ఆపేసి ఉండేవారు. ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు.

రైలు సంగతి. నౌపడా నుంచి ఇక్కడికి 1900లో రాజులు సొంతంగా వేసుకున్న చిన్నగేజి లైను ఇది. 1931లో గుణుపురం వరకు సాగింది. పరిగెత్తి ఎక్కేవాళ్లం, పొలంలో దిగి మళ్లీ అందుకునేవాళ్లం అని మా మామయ్య చెబుతారు. ఎంత నిజమో గానీ చెప్పేటప్పుడు ఆయన కూర్చోలేరు, లేచి పరిగెత్తి చూపిస్తారు. 2011 నుంచి బ్రాడ్‌గేజి రైలు గుణుపురం దాకా వెళ్తోంది. పొద్దుటి రైల్లో వంశధార లోయ చూస్తూ గుణుపురం వెళ్లి రావడం నా లెక్కలో మంచి వేసవి ప్రయాణం, ఖర్చు కూడా లేదు.

పర్లాకిమిడిలో రాజభవనాన్ని బయటి నుంచి చూసి, మధ్యాహ్నం లాడ్జిలో పడుకుని, నాలుగింటికి గండహాతి జలపాతానికి బయలుదేరండి. ముప్పై కి.మీ. లోపే. వేసవిలో ధార సన్నబడుతుంది, కింది మడుగు మాత్రం చల్లగా ఉంటుంది. రాళ్లు పాకుడు పట్టి జారతాయి.

మహేంద్రగిరి మీద రాత్రి ఉండవచ్చా?

1,501 మీటర్ల కొండ. పైన భీముడి పేరు, ధర్మరాజు పేరు, కుంతి పేరు పెట్టుకున్న పాత రాతి గుడులు ఉన్నాయి. పరశురాముడు ఇంకా ఇక్కడే తపస్సులో ఉన్నాడని నమ్మకం. శివరాత్రికి కొండంతా జనం. వేసవిలో మీరు, గాలి, మబ్బు. అటవీశాఖ అనుమతి, బస ముందే మాట్లాడుకుని వెళ్లండి. తోచిన చోట గుడారం వేస్తే కాపలావాళ్లు లేపుతారు, అది న్యాయమే. మందస వైపు నుంచి కాలినడక దారి ఉంది గానీ ఎండాకాలంలో తోడు లేకుండా, నీళ్లు లెక్క చూసుకోకుండా ఎక్కవద్దు. ఒక మనిషికి నాలుగు లీటర్లు అంటే చాలామంది నవ్వుతారు. సగం కొండ దగ్గర నవ్వు ఆగుతుంది.

కొరాపుట్‌కు ఎన్ని రోజులు కావాలి?

మూడు రాత్రులకు తక్కువైతే రావద్దు. విశాఖ నుంచి కిరండూల్ పాసింజరులో రావడమే నాకు ఇష్టం. అనంతగిరి కొండల్లో సొరంగం వెంట సొరంగం. అరకులో జనం దిగిపోయాక పెట్టె సగం ఖాళీ అవుతుంది, కిటికీ మీదవుతుంది.

దేవమాలి ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం, 1,672 మీటర్లు. శిఖరం దగ్గర దాకా రోడ్డు వేశారు. అది వరమో శాపమో ఆదివారం వెళ్లి సీసాలు చూసి మీరే చెప్పండి. చెట్టు నీడ లేని గడ్డి కొండ, పైన నీళ్లు దొరుకుతాయని నమ్ముకుని వెళ్లవద్దు. సూర్యోదయానికి వెళ్లి తొమ్మిదికల్లా దిగిపోండి.

డుడుమ జలపాతం మాచ్‌ఖండ్ నది మీద, ఆంధ్ర సరిహద్దులో ఉంది. వేసవిలో చూసి నిరాశపడేవాళ్లు ఎక్కువ. నీటిని పైనే మళ్లించి విద్యుత్కేంద్రానికి పంపుతారు. రెండు రాష్ట్రాలు కలిసి నడిపే ఆ కేంద్రం 1955 నుంచి పనిచేస్తోంది. జలపాతంలో ధార సన్నగా ఉంటే మన ఇంట్లో ఫ్యాను తిరుగుతోందని సర్దుకోవాలి. లోయ మాత్రం ఏ కాలంలోనూ తగ్గదు.

జయపురం నుంచి గుప్తేశ్వరం గుహకు వెళ్లే దారి పొడుగునా సాల అడవి. గుహలో శివలింగం, దిగువన శబరి, అవతలి ఒడ్డు ఛత్తీస్‌గఢ్. ఏప్రిల్‌లో నది పలచబడి రాళ్లు తేలుతాయి, సాయంత్రం ఆ రాళ్ల మీద కూర్చోవడమే పని. తిరిగి వచ్చేటప్పుడు సమయం ఉంటే కోట్‌పాడ్ వెళ్లండి. అక్కడి మిర్గాన్ నేతగాళ్లు తొగరు వేరుతో నూలుకు ఎరుపు అద్దుతారు. ఆ బట్టకు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీర ధర విని వెనక్కి తగ్గేవాళ్లు తువ్వాలు కొనుక్కోవచ్చు, నేను అదే చేశాను.

గుడారం ఎక్కడ వేసుకోవాలి? కొలాబ్ జలాశయం ఒడ్డున వేయవచ్చా?

వేశాను. జరిగింది చెబుతాను, వేయాలో వద్దో మీరే చూసుకోండి.

మే నెల రెండో వారం. నేను, మా తమ్ముడు, వాడి స్నేహితుడు. నీరు తగ్గి ఒడ్డు చాలా దూరం బయటపడింది. పైన ఎండి పగిలిన మట్టి పెంకులా ఉంది గదా అని తమ్ముడు అడుగు వేస్తే పిక్క దాకా దిగబడ్డాడు. చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది. జలాశయాల ఒడ్డు వేసవిలో చేసే మోసం అదే. వెనక్కి వచ్చి, నీడ బాగుందని, పెద్ద మామిడిచెట్టు కింద గుడారం వేశాం. మేకులు గొప్పగా దిగాయి, ఎందుకంటే నేల బీటలు వారి ఉంది. ఎంత తేలికగా దిగిందో అంత తేలికగా పైకి కూడా వస్తుందని అప్పుడు తోచలేదు.

మూడున్నరకు పడమటి కొండ వెనుక నల్లగా కమ్మింది. గాలి ఆగిపోయింది, పక్షులు ఆగిపోయాయి. ఒడ్డున పశువులు మేపుతున్న ముసలాయన మా వైపు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు, ఆయన దేశియా మాట, అంటే ఈ కొండ పల్లెల ఒడియా యాస, మాకు అందలేదు. చెట్టును చూపించాడు, ఆకాశాన్ని చూపించాడు, అరచేత్తో తన నెత్తిన గట్టిగా కొట్టుకున్నాడు. అర్థమైంది. సంచులు తీసుకుని ఆయన వెంట పరిగెత్తాం. ఆయన ఇంటి అరుగు ఎక్కేసరికి మొదటి గాలి వచ్చింది. మా గుడారం మేకులతో సహా లేచి, గాలిపటంలా కొలాబ్ మీదికి వెళ్లిపోయింది. ఆ తర్వాత పిడుగు. చెట్టు మీద పడలేదు, దూరంగా ఎక్కడో పడింది, కానీ అరుగు కదిలింది. ఇంటావిడ సొరకాయ బుర్రలో నుంచి రాగి అంబలి వంచి, ఆకు డొప్పల్లో ఇచ్చింది. ఉప్పు లేదు, పులుపు ఉంది. చేతులు వణుకుతుంటే సగం చొక్కా మీద పోసుకున్నాను.

కాలవైశాఖి అంటారు దాన్ని. ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువగా మధ్యాహ్నం దాటాక వస్తుంది. ఒడిశాలో పిడుగులకు ఏటా వందల ప్రాణాలు పోతాయి. కాబట్టి ఒంటరి చెట్టు కింద, కొండ నెత్తిన, నీటి అంచున గుడారం వేయవద్దు. ఉరుము వినపడిందంటే మీరు పిడుగు అందుబాటులోనే ఉన్నారు. తలుపులు మూసిన కారు లేదా పక్కా ఇల్లు పట్టుకోండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు.

ఇప్పుడు నేను అటవీశాఖ నేచర్ క్యాంపుల్లోనే, లేదంటే పల్లె పెద్దను అడిగి బడి ఆవరణలోనో దిగుతున్నాను. చలికాలంలో కనిపించే ఖరీదైన గుడారాల శిబిరాలను వేసవికి ఎత్తేస్తారు. ప్రకటన చూసి డబ్బు కట్టే ముందు ఏ నెలల్లో నడుస్తుందో అడగండి. ఒకచోట ముందుగా కట్టించుకుని, వెళ్లాక ఖాళీ మైదానం చూపించారు మాకు.

మంట వేసుకోవచ్చా?

అడవిలో వద్దు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఇక్కడ కార్చిచ్చుల కాలం. ఇప్పపువ్వు రాత్రి, తెల్లవారుజామున రాలుతుంది. చెట్టు కింద ఎండుటాకుల్లో పువ్వు కనపడదని, ఏరేవాళ్లు ఆకులకు నిప్పు పెట్టి నేల శుభ్రం చేస్తారు. ఆ నిప్పే ఒక్కోసారి చేయి దాటి కొండెక్కుతుంది. వాళ్లకు అది కూటి పని. మనం పాటల కోసం వేసే మంటకు ఆ సాకు కూడా లేదు. టీ కావాలంటే చిన్న గ్యాసు పొయ్యి, అదీ గడ్డి లేని బండ మీద.

పాములు, దోమలు?

కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది. కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు, తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. గుడారం జిప్పు ఎప్పుడూ వేసి ఉంచండి. బూట్లు దులిపి తొడగండి. కాటు పడితే కోయడం, కట్టు బిగించడం, మంత్రం వేయించడం ఏవీ వద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, ఆ అవయవం కదలకుండా ఉంచి 108కి ఫోను చేయండి. కొరాపుట్, బరంపురం రెండు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. కొరాపుట్ కళాశాలకు స్వాతంత్ర్య సమరయోధుడు లక్ష్మణ నాయక్ పేరు పెట్టారు. 1943 మార్చి 29న ఆయనను ఉరితీసింది మా బరంపురం జైల్లోనే.

దోమలను పాముల కంటే ఎక్కువగా లెక్కచేయండి. ఈ కొండల మలేరియా మొండిది. దోమతెర, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ఇంటికి వెళ్లిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించి, కొరాపుట్ వెళ్లి వచ్చామని డాక్టరుకు మీరే చెప్పండి. హైదరాబాదులో డాక్టరుకు అది తోచకపోవచ్చు.

తిండి ఏమి తీసుకెళ్లాలి?

పులిహోర సాయంత్రం దాకా ఆగుతుంది. పెరుగన్నం ఆగదు. దానికి మా అమ్మ ఉపాయం ఇది: వేడి అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు వేసి డబ్బా మూస్తుంది. నాలుగింటికి బయలుదేరితే పదకొండుకు కారు వేడికి సరిగ్గా తోడుకుంటుంది, పుల్లబడదు. పక్కన బరంపురం అప్పడాలు, మామిడికాయ పచ్చడి ఉంటే చాలు. హోటల్లో మధ్యాహ్నం పఖాళ దొరికితే తినండి, అది మన చద్దన్నమే. పైన వడియాల చూర, వేయించిన కూర, చేప ఉంటాయి. మేష సంక్రాంతి రోజున, అంటే ఏప్రిల్ 14 ప్రాంతంలో, వీధి వీధినా మారేడు గుజ్జుతో చేసిన పానకం పోస్తారు. డబ్బు ఇవ్వబోతే తిడతారు. గంజాం దారుల్లో తాటి ముంజలు అమ్మితే కారు ఆపకుండా వెళ్లడం తప్పు.

తెలుగు పనికొస్తుందా?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ బజారుల్లో పనికొస్తుంది. జయపురం, కొరాపుట్ దుకాణాల్లోనూ చాలాసార్లు. పల్లెల్లో దేశియా, కువి, సవర. పాణి, భాత, కేతే అనే మూడు ఒడియా మాటలు, అంటే నీళ్లు, అన్నం, ఎంత, నేర్చుకుని వెళ్లండి. రాయగడలో మజ్జి గౌరమ్మ గుడి దగ్గర మాత్రం ఒడియాలో అడిగినా తెలుగులోనే జవాబు వస్తుంది.

ఒనకఢిల్లీ, చాటికోనా సంతల్లో ఫోటోలు తీయవచ్చా?

వద్దు. గురువారం కొరాపుట్ జిల్లా ఒనకఢిల్లీ సంతకు బోండా గిరిజనులు, బుధవారం రాయగడ జిల్లా చాటికోనాకు డోంగ్రియా కోందు గిరిజనులు దిగుతారు, సరుకు అమ్ముకోవడానికి. చింతపండు, చీపుర్లు, పసుపు కొనండి, బేరం మరీ పిండవద్దు. కెమెరా సంచిలోనే ఉండనివ్వండి. మన పెరట్లోకి ఎవరో వచ్చి మన అమ్మమ్మ నగలను ఫోటోలు తీస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది వాళ్లకు. వాళ్ల పల్లెల్లో రాత్రి బస ఆలోచన పెట్టుకోవద్దు.

మల్కన్‌గిరి వైపు వెళ్లవచ్చా?

మే నెలలో నేను వెళ్లను. పల్లం కాబట్టి ఎండ నిప్పులు చెరుగుతుంది. మార్చి లోపు అయితే చిత్రకొండ దాకా వెళ్లి బలిమెల జలాశయం, దాని మీది గురుప్రియ వంతెన చూడవచ్చు. జలాశయం వచ్చాక మూడు వైపులా నీరు కమ్మి 151 గ్రామాలు దశాబ్దాలపాటు పడవ మీదే బతికాయి. 910 మీటర్ల ఆ వంతెన 2018 జూలైలో తెరిచారు. వెళ్లే ముందు స్థానిక పోలీసులను ఒకమాట అడగడం మంచిది.

దరింగ్‌బాడి గురించి చెప్పలేదేమి?

అది కందమాల్ జిల్లా. అందరూ అక్కడికే వెళ్తున్నారు, నేను చెప్పనవసరం లేదు.

సొంత కారా, బస్సా?

ఘాట్లలో రాత్రి నడపని మనిషి అయితే సొంత కారు. ఆంధ్ర అద్దె కారులో వస్తే ఒడిశా పర్మిట్ డ్రైవరు దగ్గర ఉందో లేదో బయలుదేరే ముందే కాగితం చూడండి. ‘సరిహద్దులో చూసుకుందాం సార్’ అన్న డ్రైవరుతో మేము సరిహద్దులో రెండు గంటలు చూసుకున్నాం. కొండల్లో బంకులు దూరం దూరం, సగం ట్యాంకు దగ్గరే నింపండి. ఫోనుకు సిగ్నలు పోతుంది కాబట్టి దారి పటం ముందే దించుకోండి, తిరిగి వచ్చే వేళ ఇంట్లో చెప్పి వెళ్లండి.

పెద్దవాళ్లను, చంటిపిల్లలను తీసుకురావచ్చా?

రంభ, తప్తపాణి, కొరాపుట్ పట్టణం వరకు తీసుకురండి. ఎండలో చెమట ఆగిపోయి, ఒళ్లు కాలి, మాట తడబడితే అది అలసట కాదు, వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్పృహలో లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. కారులో రెండు మట్టి కూజాలు, పది ఓఆర్ఎస్ పొట్లాలు మా ఇంటి లెక్క.

జూన్‌లో వస్తే?

జూన్ నడుమ రజో పండుగ. మూడు రోజులు నేల తల్లికి విశ్రాంతి అని దున్నరు. చెట్టుకొక ఊయల వేలాడుతుంది. ఆ రోజుల్లో వస్తే హోటళ్లు మూసి ఉండవచ్చు గానీ ఎవరో ఒకరు ఇంటికి పిలిచి పోడ పిఠా పెడతారు. వానలు కూడా ఇంచుమించు అప్పుడే మొదలవుతాయి. మొదటి రెండు వానలకే వాగులు ఉన్నట్టుండి పొంగుతాయి, గండహాతి మడుగులో దిగడం ఇక మానేయాలి. గుడారం మడిచి అటక మీద పెట్టి గొడుగు తీసుకురండి.